బూడిదరంగు మేజోళ్ళు, వెన్నరంగు పట్టు

మా అత్తయ్య స్నానానికి వెళ్తే ముప్పావుగంటకి తక్కువ బయటికి రాదు. ముప్పై ఏళ్ళుగా ఆ ముప్పావుగంట మీద నాకు గుర్రుగానే ఉండేది. మధ్యలో ఎవరికి అవసరం పడ్డా పళ్ళు బిగించుకుని కూర్చోవాల్సిందే. పోయిన చలికాలం మాత్రం రోజంతా ఆ ముప్పావుగంట కోసమే ఎదురుచూశాను. ఆవిడ గడియ వేసుకున్న చప్పుడు వినపడగానే నేను ఆవిడ అల్లిక సంచీ తెరిచి, ఆ రోజు ఆవిడ సూది మీంచి జార్చుకున్న లూపుల్ని దొంగతనంగా మళ్ళీ ఎక్కించేదాన్ని.

అదే నా వృత్తి కూడా. నేను డ్రైక్లీనింగు షాపులో రఫ్ఫు పని చేస్తాను. షాపు ముందు భాగంలో అద్దాలూ, దీపాలూ, నవ్వుతూ రసీదులు రాసే అమ్మాయీ ఉంటారు. వెనక, ఆవిరి యంత్రాల పక్కన, ఒక బల్లా, ఒక లైటూ, నేనూ ఉంటాం. పురుగు కొట్టిన కోట్లు, సిగరెట్టు నిప్పు పడ్డ ప్యాంట్లు, మేకు తగిలి చిరిగిన స్వెట్టర్లు అన్నీ నా దగ్గరికే వస్తాయి. పదహారేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ కన్నాలు పూడుస్తున్నాను కనక షాపులో నన్ను కన్నాలమ్మ అంటారు. ఈ పని బాగా చేశారనడానికి గుర్తు, చేసినట్టు తెలియకపోవడమే. అంచేత ఇన్నేళ్ళలో నన్ను మెచ్చుకున్న పాపాన ఎవరూ పోలేదు. సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరేసరికి కళ్ళు మండేవి, మెడ పట్టేసేది, ఎవరైనా "ఎలా ఉన్నావు" అని అడిగితే ఒక్కటివ్వాలనిపించేది.

ఇంట్లో మేమిద్దరమే. మా ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆవిడకి ఒక్కగానొక్క కొడుకు, నాకు మొగుడు. ఆయన పోయాక మాకు మిగిలింది మూడో అంతస్తులో రెండు గదులూ, ఒకరి మీద ఒకరం విసుక్కునే హక్కూ.

అత్తయ్యకి ఎనభై నాలుగు. చూపు నట్టనడుమ మచ్చ పడింది. ఎదురుగా ఉన్న మనిషి మొహం కనపడదు, ఆ మనిషి పక్కనున్న తలుపు కనపడుతుంది. డాక్టరు స్టవ్వు దగ్గరికి వెళ్ళొద్దన్నాడు, మానేసింది. ఒంటరిగా మెట్లు దిగొద్దన్నాడు, మానేసింది. పేపరు చదవొద్దని ఎవరూ అనలేదు, అది దానంతటదే పోయింది. అప్పుడు మాత్రం రెండు వారాలు గోడవైపు తిరిగి పడుకుంది. తినమంటే తినేది, లేకపోతే లేదు. పదిహేనో రోజున లేచి కూర్చుని ఒకటే మాట అంది.

"పోనీలే అమ్మాయ్. చేతులు నావేగా. కళ్ళు మూసుకుని కూడా అల్లగలను."

ఆ చేతులు కూడా పోతున్నాయని తెలిస్తే ఆవిడ మళ్ళీ గోడవైపు తిరుగుతుంది. ఈసారి ఇటు తిరగదు. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇదంతా లైబ్రరీ కార్యదర్శి మా ఇంటికి రావడంతో మొదలైంది. ఆవిడ మాట్లాడేటప్పుడు రెండు చేతులూ గుండెల మీద పెట్టుకునే మనిషి. యుద్ధం ముగిసి డెబ్భై ఏళ్ళవుతోందట. లైబ్రరీ హాల్లో 'యుద్ధకాలంలో మన అల్లికలు' అని ప్రదర్శన పెడుతున్నారట. ఆ రోజుల్లో మా ఊరి ఆడపిల్లలందరూ బడి హాల్లో కూర్చుని సిపాయిలకి ఊలు మేజోళ్ళు అల్లారు. వాళ్ళలో ఇంకా సూది పట్టుకుంటున్నది మా అత్తయ్య ఒక్కతే.

"ఎంత అందమైన రోజులో కదా పెద్దమ్మగారూ!" అంది కార్యదర్శి. "మా కోసం ఒక్క జత మేజోళ్ళు అల్లిపెట్టండి చాలు. బూడిదరంగు ఊలు మేమే తెస్తాం."

"ఊలు ముట్టను," అంది అత్తయ్య.

"అయ్యో, పడదా అండీ?"

"పడక కాదు, విసుగు. పదకొండో ఏట మొదలుపెట్టి పద్నాలుగో ఏటి దాకా అదే బూడిదరంగు. తర్వాత మా ఆయనకి, మా అబ్బాయికి, వాళ్ళకి, వీళ్ళకి. పట్టుదారం తెప్పించండి. స్వెట్టరు అల్లుతాను."

"ఎవరికండీ?"

"ఎవరికేమిటి, నాకే!"

పట్టు ఎందుకో కూడా చెప్పింది. ఆ హాలుకి నెలకోసారి ఒక ఆఫీసరుగారి భార్య వచ్చేదట, తయారైన మేజోళ్ళ మూటలు తీసుకెళ్ళడానికి. అంత యుద్ధంలోనూ ఒంటి మీద పట్టుదారంతో అల్లిన స్వెట్టరు వేసుకుని వచ్చేదట. మూట అందిస్తున్నప్పుడు ఈవిడ ముంజెయ్యి దానికి తగిలింది. అంతే. అప్పటినుంచీ అటువంటిది ఒకటి ఒంటికి తగలాలని కోరికట. ముప్పై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉండి, ఈ ముక్క నాకెప్పుడూ చెప్పలేదు. కార్యదర్శికి మాత్రం గబగబా చెప్పేసింది. పరాయివాళ్ళ ముందు మాట తేలిగ్గా వస్తుంది కాబోలు.

కార్యదర్శి కళ్ళు తుడుచుకుని, వారం తిరక్కుండా పది చిలపల పట్టుదారం పట్టుకొచ్చింది. అప్పుడే తీసిన వెన్న రంగు. ప్రదర్శన నాటికి ఒంటిభాగమంతా అయిపోవాలనీ, ఆఖరి వరస వేదిక మీద అందరి ఎదుటా ముగించాలనీ, స్లీవులు తర్వాత తీరిగ్గా అల్లుకోవచ్చనీ మాట అయింది. ఆ ఆదివారం నేను చిలపలు రెండు చేతులకీ తగిలించుకుని కూర్చుంటే ఆవిడ ఉండలు చుట్టింది. గంటన్నర చేతులు చాపుకుని కూర్చున్నాను. వారానికి ఒక్క సెలవు, అదీ ఇలా తగలబడింది.

"మొహం అలా పెట్టకు," అంది అత్తయ్య.

"నా మొహం మీకు కనపడదు కదా."

"కనపడక్కర్లేదు. నీ ఊపిరి చాలు."

మొదటి రెండు వారాలు బాగానే సాగింది. ఆవిడ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా అల్లేది. ఆవిడ అల్లిక అందరిలాంటిది కాదు. మామూలుగా మనం సూదిని లూపులోకి ముందువైపు నుంచి గుచ్చుతాం. ఆవిడ వెనకవైపు నుంచి గుచ్చుతుంది. ఆ హాల్లో నేర్పిన పంతులమ్మది ఎడమచేతి వాటమట. ఎదురుగా కూర్చుని చూసి నేర్చుకున్న పిల్లలందరికీ అది తిరగబడి, అలాగే చేతుల్లో ఉండిపోయింది. అలా అల్లితే ప్రతి లూపూ మొదట్లో ఒక మెలి తిరిగి బిగుసుకుంటుంది. గుడ్డ గట్టిగా వస్తుంది కానీ సాగదు. మా ఆయన చిన్నప్పుడు స్వెట్టర్లోంచి తల బయటికి రావాలంటే ఇద్దరు పట్టుకుని లాగాల్సి వచ్చేదట. చెవులు అందుకే అంత పెద్దవయ్యాయని ఆయన అనేవాడు.

మూడో వారం ఒక సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి ఆవిడ స్నానాల గదిలో ఉంది. ఎంతవరకు వచ్చిందో చూద్దామని సంచీలోంచి అల్లిక బయటికి తీశాను. నడుమ భాగంలో ఒక లూపు జారిపోయి, ఆ గీత వెంట ఇరవై వరసలు విడిపోయి ఉన్నాయి. ఊలైతే జారిన లూపు జారినచోటే కాసేపు ఆగుతుంది. దానికి నూగుంటుంది, పక్కదాన్ని పట్టుకుని వేళ్ళాడుతుంది. పట్టుకి ఆ మొహమాటం లేదు. జారిందంటే నిచ్చెన మెట్లలా అడుగు దాకా దిగిపోతుంది.

ఆవిడకి తెలియలేదు. కళ్ళకి ఎలాగూ ఆనదు. వేళ్ళకి తెలియాలి కదా అంటే, ఆవిడ సూదుల మీది వరస తప్ప కిందిది ముట్టుకోదు. అదీ ఆ హాలు నియమమే. అల్లిన గుడ్డ ఒళ్ళో పెట్టుకోకూడదు, తడమకూడదు, సంచీలోకి వదిలెయ్యాలి. చేతి మట్టి అంటితే మేజోళ్ళు వెనక్కి తిప్పేవాళ్ళట. డెబ్భై ఏళ్ళయినా ఆవిడ చెయ్యి ఆ గీత దాటలేదు.

చెప్పేయాల్సింది. ఆ క్షణంలో ఆ మాట అనుకున్నాను కూడా. కానీ గోడవైపు తిరిగి పడుకున్న ఆవిడ వీపు గుర్తొచ్చింది. నా చేతిసంచీలో కొక్కెం సూది ఎప్పుడూ ఉంటుంది. తీసి, అడుగునుంచి ఒక్కో మెట్టూ లాగుతూ పైకి ఎక్కించి, లూపుని సూది మీద పెట్టేశాను. పది నిమిషాల పని. ఆవిడ బయటికి వచ్చేసరికి సంచీ ఎక్కడిదక్కడే ఉంది.

ఇక్కడే నేనొక బద్ధకపు పని చేశాను. కొక్కెంతో ఊరికే లాగితే లూపు మెలి లేకుండా తిన్నగా వస్తుంది. ఆవిడ అల్లికలో కలవాలంటే ప్రతి మెట్టు దగ్గరా ఆగి లూపుని తిప్పి, మెలి పెట్టి లాగాలి. అది నాకు తెలియక కాదు, పదహారేళ్ళుగా తింటున్న తిండి అదే. షాపులో ఎవరి కోటుకైనా అయితే తప్పకుండా అలాగే చేసేదాన్ని. కానీ అప్పటికే తొమ్మిది గంటలు బల్ల ముందు కూర్చుని వచ్చాను. వెన్నరంగు పట్టులో ఒక గీత తిన్నగా ఉంటే ఎవరు చూడొచ్చారు అనుకున్నాను. ఇంటి పనికి ఎప్పుడూ ఇంతే, బయటివాళ్ళకి చేసి అలిసిపోయాక మిగిలిందే ఇంటికి.

మర్నాడు రెండు జారాయి. ఆ వారంలో తొమ్మిది. తర్వాత లెక్కపెట్టడం మానేశాను. కొన్నిచోట్ల రెండు లూపుల్ని కలిపి అల్లేసేది, కొన్నిచోట్ల దారం చుట్టి మర్చిపోయేది. ముప్పావుగంటా సరిపోయేది కాదు. ఆవిడ స్నానం ఇంకో పావుగంట పెరిగితే బాగుండునని కోరుకున్న కోడలు ప్రపంచంలో నేనొక్కదాన్నే అయుంటాను. నీళ్ళ చప్పుడు ఆగగానే అల్లికని సంచీలోకి తోసేసేదాన్ని. ఆవిడ తల తుడుచుకుంటూ బయటికి వచ్చి, కుర్చీలో కూర్చుని, వేళ్ళతో సూది మీది లూపులు లెక్కపెట్టుకునేది. నూటముప్పై ఆరు. సరిపోయేవి. నేను సరిపెట్టాను కదా.

"చూశావా," అనేది. "ఒక్కటి జారలేదు."

"మీ చెయ్యి అలాంటిది అత్తయ్యా," అనేదాన్ని.

ఆ మాటకి ఆవిడ మొహం విప్పారేది. ఆవిడ సంతోషం చూస్తే నాకు ముచ్చటేసేది, వెంటనే ఒళ్ళు మండేది కూడా. అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ అంటారు. మా ఇంట్లో అత్త జార్చిన లూపుకి చప్పుడే లేదు. నేను మాత్రం అరిగిన మెడా, వాచిన బొటనవేలూ వేసుకుని పొద్దున్నే మళ్ళీ పరాయివాళ్ళ కన్నాల దగ్గరికి. షాపు యజమాని ఒకరోజు, "ఏం కన్నాలమ్మా, ఈమధ్య నీ రఫ్ఫు కనపడుతోంది," అన్నాడు. పదహారేళ్ళలో ఆయన నా పని గురించి నోరు విప్పడం అదే మొదలు.

ప్రదర్శన రోజు రానే వచ్చింది. లైబ్రరీ హాల్లో కుర్చీలు నిండిపోయాయి. గోడ మీద 'ప్రతి లూపులో ప్రేమ' అని పెద్ద అక్షరాలు. అద్దాల పెట్టెల్లో ఆ నాటి సూదులు, కొలతల కాగితాలు, మధ్యలో ఆరు జతల బూడిదరంగు మేజోళ్ళు. ఆ హాల్లోనే అల్లినవట, సైన్యం గిడ్డంగి ఖాళీ చేసినప్పుడు మూటల్లో దొరికాయట. "డెబ్భై ఏళ్ళయినా ఎంత కొత్తగా ఉన్నాయో చూడండి. అదీ ఆ నాటి పనితనం!" అంటోంది కార్యదర్శి అందరితో. జనం అద్దం మీదికి వంగి వంగి చూసి నిట్టూర్చారు. వాళ్ళలో సగంమందికి యుద్ధమంటే వాళ్ళ అమ్మమ్మల యవ్వనం.

అత్తయ్యని వేదిక మీద కూర్చోబెట్టారు. నన్ను పక్కనే స్టూలు మీద. ఆవిడ ఆఖరి వరస అల్లింది. హాలంతా ఊపిరి బిగబట్టింది, నేనైతే మరీనూ, ఒక్కటి జారినా అందరి ముందూ నేను చెయ్యి పెట్టలేను. జారలేదు. ఒక్కో లూపునీ పక్కదాని మీదుగా దాటించి మూసేసి, దారం తెంపి, సూది బయటికి లాగేసింది. చప్పట్లు మోగాయి.

సూది మీంచి దిగింది కనక ఇక గుడ్డని తాకొచ్చు. ఆవిడ సంచీలోంచి దాన్ని మొత్తం బయటికి లాగి, ఒళ్ళో పరుచుకుని, మొదటిసారి అరచేత్తో నిమిరింది. నేను ఆ క్షణం గురించి అసలు ఆలోచించనే లేదు. కళ్ళు చూడవు, వేళ్ళు ముట్టుకోవు, ఇక భయమేమిటనుకున్నాను. ఆవిడ చెయ్యి సగం దూరం పోయి ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ అదే గీత వెంట నెమ్మదిగా పైకి వెళ్ళింది. పక్కకి జరిగింది, ఇంకో గీత. ఇంకోటి. అన్నీ గట్టి గట్టి మెలికలు, వాటి మధ్య తిన్నగా, వదులుగా, నావి.

అత్తయ్య నా వైపు తల తిప్పలేదు. చెయ్యి మాత్రం గుడ్డ మీద అలా ఉండిపోయింది.

"పెద్దమ్మగారూ, ఆ రోజుల గురించి రెండు ముక్కలు!" అని కార్యదర్శి మైకు ఆవిడ నోటి దగ్గర పెట్టింది.

అత్తయ్య గుడ్డ మీంచి చెయ్యి తియ్యకుండానే అంది: "ఆ మేజోళ్ళు అంత కొత్తగా ఎందుకున్నాయో తెలుసా? ఎవరూ తొడుక్కోలేదు కనక."

హాల్లో కొందరు నవ్వారు.

"నిజం. అవి కాలికి ఎక్కవు. మాకు తిరగేసి నేర్పారు. మెలి పడి బిగుసుకుపోయేవి. మా అన్నయ్య సిపాయి. ఉత్తరం రాశాడు. 'మన ఊరి మేజోళ్ళు వచ్చాయి చెల్లాయ్, మడమ దాటడం లేదు, తుపాకీ గొట్టాలు తుడుచుకుంటున్నాం' అని. నేను ఆ ఉత్తరం పట్టుకుని ఏడ్చుకుంటూ పంతులమ్మ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ చదివి మడిచి ఇచ్చేసింది. 'తెలుసమ్మా,' అంది. 'పై నుంచి ఎప్పుడో చెప్పారు. పిల్లలు ఇంత ఇష్టంగా అల్లుతుంటే మనసు విరిచెయ్యడం ఎందుకని ఊరుకున్నాం. వెళ్ళి అల్లుకో.' మూటలు తీసుకెళ్ళే ఆ ఆఫీసరు భార్యకీ, ఆ పట్టు స్వెట్టరావిడకీ తెలుసట. తెలిసే ప్రతి నెలా వచ్చి, 'మీ వేళ్ళు బంగారం పిల్లలూ' అనేది."

ఎవరూ నవ్వడం లేదు ఇప్పుడు.

"తర్వాత ఇంకో ఏడాదిన్నర అల్లాం. రెండు వందలమందిమి. ఒక్క పూట కూర్చోబెట్టి ఇలా కాదే, ఇలా అని చెప్పి ఉంటే నేర్చుకునేవాళ్ళం కాదూ? పన్నెండేళ్ళ పిల్లలం, ఎంతసేపు పడుతుంది? మా అన్నయ్య తిరిగొచ్చాడు. చలికి రెండు కాలివేళ్ళు పోయాయి. నన్నొక్క మాట అనలేదు. వాడు కూడా మంచివాడే." ఆవిడ వేళ్ళు మళ్ళీ ఆ తిన్నటి గీత మీదికి వెళ్ళాయి. "అందరూ మంచివాళ్ళే. మాకు చెప్పకుండా ఉండిపోయినంత మంచివాళ్ళు."

కార్యదర్శి రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని, ఏం చెయ్యాలో తోచక చప్పట్లు కొట్టింది. మిగతావాళ్ళు అందుకున్నారు. వాళ్ళంతా యుద్ధం గురించి విన్నామనుకున్నారు. ఆ మాటలు ఎవరికో నాకు తెలుసు. స్టూలు మీద కూర్చున్నదాన్ని భూమి చీలితే బాగుండుననుకున్నాను.

బస్సులో ఇంటికి వచ్చాం. మూడంతస్తులూ నా భుజం పట్టుకునే ఎక్కింది, కానీ ఎప్పటిలా నా మీద బరువు వెయ్యలేదు. లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుంది.

"ఎన్ని?" అంది.

"లెక్కపెట్టలేదు అత్తయ్యా."

"లెక్కపెట్టలేనన్ని అన్నమాట."

నేను అక్కడే నిలబడి ఉన్నాను. చెప్పులు కూడా విప్పలేదు. ఆవిడ లేచి, పైన వేసుకున్నవి విప్పేసి, లోపలి పల్చటి బనీను మీద ఆ స్లీవుల్లేని పట్టు ముక్కని తొడుక్కుంది. బొత్తాలు ఇంకా కుట్టలేదు కనక రెండు అంచులూ చేత్తో దగ్గరికి లాక్కుంది. కాసేపు అలా కళ్ళు మూసుకుంది.

"గరుగ్గా ఉందే," అంది. "నేను అల్లిందంతా గరుగ్గా ఉంది. నీది మెత్తగా ఉంది. ఇదిగో, ఇక్కడ. ఇక్కడ, వీపు మీద. ఎక్కడ మెత్తగా తగులుతోందో అక్కడ నా చెయ్యి పోయింది."

నాకు ఏడుపొచ్చేసింది. ఆవిడ మీద జాలితో ఏడ్చానని చెప్పుకుంటే బాగుంటుంది కానీ, అది సగమే. మిగతా సగం నా మెడ నొప్పి, నా కళ్ళ మంట, రెండున్నర నెలల ముప్పావుగంటలు.

"మీరు మళ్ళీ గోడవైపు తిరుగుతారని భయపడ్డాను," అన్నాను.

"తిరిగితే తిరుగుతాను. అది నా గోడ."

అదీ నిజమే.

కాసేపటికి ఆవిడే గొంతు తగ్గించింది. "సరే, అయిందేదో అయింది. దాచడాలేం వద్దిక. స్లీవులు నువ్వే అల్లెయ్యి, మొత్తం నీ పద్ధతిలోనే. చేతులకైనా మెత్తగా ఉంటుంది."

మామూలుగా అయితే సరే అత్తయ్యా అనేదాన్ని. ముప్పై ఏళ్ళుగా అంటున్నది అదే. ఆ రోజు ఎందుకో నోరు నా మాట వినలేదు.

"నేను అల్లను."

"ఏమిటీ?"

"అల్లను. రోజుకి తొమ్మిది గంటలు ఊరివాళ్ళ చిరుగులు కుడుతున్నాను. ఇంటికొచ్చి మీవి కుట్టాను. నాకు ఓపిక లేదు అత్తయ్యా. ఒట్టిపోయాను. స్లీవుల్లేకుండానే తొడుక్కోండి. చలేస్తే కిటికీ మూసుకోండి."

ఆవిడ తల పక్కకి తిప్పి, ఆ పక్కచూపుతో నన్ను పట్టుకోవడానికి ప్రయత్నించింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. భుజాలు కదిలేలా నవ్వింది, పట్టు అంచులు చేతుల్లోంచి జారిపోయాయి.

"ముప్పై ఏళ్ళు పట్టిందే అమ్మాయ్, నీకు వద్దు అనడానికి!" అంది. "చెప్పులు విప్పు. విప్పి కాసేపు పడుకో."

పడుకున్నాను. దీపాలు పెట్టే వేళకి లేస్తే ఆవిడ వంటగదిలో ఏదీ ముట్టుకోకుండా, పొద్దున నేను పెట్టి వెళ్ళిన, చల్లారిన టీ ముందు కూర్చుని ఉంది. నన్ను లేపలేదు. ఆ సాయంత్రం ఆవిడ స్నానానికి వెళ్ళినా నేను మంచం మీంచి కదల్లేదు.

ఆ తర్వాతి ఆదివారం మధ్యాహ్నం ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని, స్లీవు ఉండాల్సిన చోట చంక చుట్టూ సన్నటి సూదితో ఒక్కో లూపే పైకి లాగుతోంది. అంచు అల్లి మూసేస్తే చాలు, స్లీవులు అక్కర్లేదు.

"ఇలా రా," అంది. "ఇక్కడ కూర్చో. చేతిలో ఏమీ పెట్టుకోకు. జారితే చెప్పు. దిద్దకు, చెప్పు."

కూర్చున్నాను. రెండో వరసలోనే ఒక లూపు సూది కొన మీంచి తప్పుకుంది. ఆవిడ గమనించకుండా ముందుకి పోతోంది.

"జారింది," అన్నాను.

ఆవిడ ఆగింది. "ఎక్కడ?"

"నాలుగు లూపులు వెనక."

ఆవిడ వెతుక్కుంది. బొటనవేలు దాని పక్కనుంచే రెండుసార్లు పోయింది. నా చేతులు ఊరుకోవడం లేదు, తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. ఎంతసేపు పట్టిందో, ఆఖరికి దొరికింది. సూది మీదికి ఎక్కించుకుని, ఊపిరి వదిలి, మళ్ళీ అల్లింది. మళ్ళీ జారింది. మళ్ళీ చెప్పాను. అన్నప్రతిసారీ ఆవిడ దవడ బిగుసుకునేది. నాకు ఆ మాట అనడం ఒక్కసారీ తేలిక కాలేదు.

వెలుగు పోయేలోగా పదకొండుసార్లు అన్నాను. పదకొండుసార్లూ ఆగి వెతుక్కుంది. తొమ్మిది దొరికాయి. మిగతా రెండింటి కోసం చాలాసేపు తడిమి, ఇక చాలనుకుని, సూదులు నా ఒళ్ళో పెట్టింది.

"ఇవి నువ్వు ఎక్కించు," అంది. "మెలి తిప్పకు. నీవి ఏవో నాకు తెలియాలి."